తెరకు వీపు పెట్టి కూర్చునే ఖాలా

మా సినిమాల వాట్సాప్ గ్రూపులో ఖాలా భర్త చాచా గొంతు అంతకుముందు ఎప్పుడూ వినపడలేదు. అందుకే ఆయన వాయిస్ మెసేజ్ రాగానే పొరపాటున నొక్కి ఉంటాడనుకున్నాను. ల్యాబ్‌లో చేతి తొడుగులు తీసేసి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. వెనక ఎయిర్‌పోర్టు అనౌన్స్‌మెంటు వినిపిస్తోంది. "మీ ఖాలా పోయింది బేటా. పొద్దుగాల, నిజామాబాద్‌ల. గుండె ఆగిందట. నేను ఫ్లైట్ కోసం కూసున్న. గ్రూప్‌ల గూడ చెప్పాలె గద అని చెప్తున్న. ఈడ ఆమె మనుషులు మీరే గద."

ఆమె చెల్లెలి కూతురి పెళ్ళికని వెళ్ళింది. చాచాకు కంపెనీలో సెలవు దొరక్క ఒక్కతే వెళ్ళింది. ఆయన నిజామాబాద్ చేరేసరికి ఖననం అయిపోయింది. భర్తకే ఆఖరి చూపు దక్కనప్పుడు, గోడ అవతలి గదిలో అద్దెకుండే నాకు దక్కలేదని ఎవరితో చెప్పుకోను? అయినా చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను. ఆమె పోయిందంటే నాకు నిజంగా దిగులుగా ఉంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ దిగులు ఇంకాస్త ఎక్కువవుతోంది.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. నాకు ఆమె ఏ వరసా కాదు. ఆమెది నిజామాబాద్, మాది అమలాపురం వైపు. ఖతర్‌లో దోహా పక్కన అల్ ఘర్రాఫాలో ఒక పాత విల్లాను గదులు గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు. ఆమె గదికీ నా గదికీ మధ్య ఒక పలచటి జిప్సం గోడ. ఆమె ఒక స్కూలు బస్సులో ఆయాగా పనిచేసేది. చాచా ఒక కంపెనీ బస్సు డ్రైవరు. బస్సులో పిల్లలతో వచ్చీరాని అరబ్బీ, ఇంట్లో చాచాతో దక్కనీ, మాతో చక్కటి నిజామాబాద్ తెలుగు. ఏ భాషలోనైనా ఆమె ఎక్కువగా మాట్లాడింది దయ్యాల సినిమాల గురించే.

మా పరిచయం కూడా ఒక భయంతోనే మొదలైంది. ఒక సెలవురోజు పొద్దున నేను మాటల్లేని ఎలక్ట్రానిక్ సంగీతం పెట్టుకుని గది సర్దుకుంటున్నాను. నాకు ఆ పిచ్చి ల్యాబ్ కోర్సు చదివే రోజుల నుంచీ ఉంది. ఆ రోజు పెట్టింది చాలాసేపు ఒకే శ్రుతి మీద నడిచేది. దూరంగా మోటారు తిరుగుతున్నట్టు సన్నగా మోత, మధ్యమధ్యలో చిన్న టకటక. గోడ అవతల ఖాలా తన ఏసీ పాడైపోయిందని ఖాయం చేసుకుంది. మండు వేసవిలో ఏసీ ఆగితే ఇక్కడ మనిషి మాడిపోతాడు. మెయింటెనెన్స్ వాళ్ళకు ఫోన్ చేసి గోల చేసింది. ఇండస్ట్రియల్ ఏరియాలోని లేబర్ క్యాంపు నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. జగిత్యాల పక్క పల్లె మనిషి. ఇప్పుడు నాకు అన్న. నిచ్చెన వేసుకుని ఏసీ విప్పాడు, ఫిల్టరు కడిగాడు, గ్యాస్ చూశాడు. చివరికి విసుగొచ్చి స్విచ్ ఆపేశాడు. మోత ఆగలేదు.

ఇద్దరూ గోడకు చెవి పెట్టి విన్నారట. తర్వాత నా తలుపు ధబధబా మోగింది. తీస్తే ఎదురుగా గరిటె పట్టుకుని ఖాలా, వెనక స్క్రూడ్రైవర్ పట్టుకుని అన్న.

"ఏంది పిల్లా, లోపల ఏం మిషిని నడుపుతున్నవ్?"

"మిషను కాదండీ, పాట."

"పాటనా! ఫ్రిజ్‌కు కడుపు నొస్తున్నట్టున్నది."

నేను సిగ్గుపడి ఆపబోయాను. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "బంద్ చెయ్యకు చెల్లె, జర ఉండనియ్. మంచిగున్నది. మనుషులు లేని ఊర్ల కరెంటు ఉన్నట్టున్నది."

ఖాలా మా ఇద్దరినీ కిందికీ పైకీ చూసింది. మా రోగం ఆమెకు అర్థమైపోయింది. "మీ ఇద్దరికి భయమంటే పావురం ఉన్నట్టున్నది. జుమ్మా నమాజు అయినంక రాండ్రి, సినిమా చూపిస్త," అంది. పావురమంటే వాళ్ళ వైపు ప్రేమ. విప్పిన ఏసీ బిగించే పని కూడా మర్చిపోయి అన్న సరేనన్నాడు. ఖాలానే గుర్తుచేసి మరీ బిగింపించుకుంది.

ఆ తర్వాత శుక్రవారాలన్నీ ఆ గదిలోనే. మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీకి దుప్పటి కట్టేవాళ్ళం. నేల మీద చాప, పక్కన వేయించిన పల్లీలు. చాచా మాత్రం లోపలికి వచ్చేవాడు కాదు. చాయ్ గ్లాసు పట్టుకుని బయట షెడ్డు నీడలో కూర్చునేవాడు. ఆయనకు ఆ సినిమాలంటే హడలు. ఒప్పుకోవడం ఇష్టంలేక "జుమ్మా పూట షైతాన్ ముచ్చట్లేంది" అని గొణిగేవాడు. "షైతాన్‌కు గూడ జుమ్మా రోజు డ్యూటీ ఆఫే. నిమ్మళంగ చూడొచ్చు," అని లోపలి నుంచి ఖాలా కేకేసేది.

సినిమా చెప్పడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. ఊరికే పేరు చెప్పి "చూడు" అనడం ఆమెకు నచ్చదు. "పేరు చెప్పి పోతే గది సిఫార్సు కాదు, చిరునామా," అనేది. చెప్పినవాళ్ళు పక్కన కూర్చుని చూపించాలి. చూపించేవాళ్ళు మళ్ళీ సినిమా చూడకూడదు, చూసేవాళ్ళను చూడాలి. అందుకే టీవీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తెరకు వీపు పెట్టి, మా వైపు తిరిగి కూర్చునేది. వెనక ఏ శవం లేచినా తిరిగి చూసేది కాదు. ఎక్కడ ఉలిక్కిపడతామో ఆమెకు ముందే తెలుసు కదా, ఆ క్షణానికి కాస్త ముందే పల్లీలు నమలడం ఆపేసేది. దాంతో మాకు ఇంకా భయమేసేది. నేను కెవ్వుమంటే "పడ్డవా!" అని తొడ చరుచుకునేది. ఒకసారి భయంలో నా నోటివెంట "వద్దండీ" అని వచ్చింది. "మీ ఆంధ్రోళ్ళు దయ్యంకు గూడ అండీ అంటరు గదే," అని నెలల తరబడి ఏడిపించింది.

అసలు మా మొహాల్లో ఏముందని అలా చూస్తారని ఒకసారి అడిగాను. బస్సులో పిల్లల్ని దించేటప్పుడు అలవాటైంది అంది. "నవ్వేటప్పుడు పిల్లలందరు ఒక్క తీర్గుంటరు బేటా. భయపడ్డప్పుడే ఎవరి మొఖం వాళ్ళది. గప్పుడు చూస్తే మల్ల మర్చిపోం." ఆ మాట అన్నాక కాసేపు నా మొహం వైపు చూసింది. అమ్మ తర్వాత నన్ను అంత తీరిగ్గా చూసిన మనిషి మరొకరు లేరు.

ఇంకొకటి కూడా ఉంది. సినిమా పెట్టేముందు తప్పనిసరిగా అడిగేది. "ఇప్పుడు నీకు దేని భయమున్నది?" మా కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారని పుకారు పుట్టిన రోజుల్లో, ఉద్యోగం పోతుందేమోనని భయంగా ఉందన్నాను. అడవిలో దారి తప్పినవాళ్ళ సినిమా పెట్టింది. దీనికీ దానికీ సంబంధమేమిటి ఖాలా అంటే, "ఉన్న భయం మీద సినిమా చూడొద్దు. లేని భయం చూపిస్తే ఉన్నది కొంచెంసేపు పక్కకు జరుగుతది," అంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని ఆ నెలంతా నేను అడవుల గురించే భయపడ్డాను. అదే హాయిగా ఉంది.

అన్నకు పుస్తకాల పిచ్చి. రాబోయే కాలాలు, లేని గ్రహాలు, సముద్రం అడుగున పట్టణాలు. క్యాంపు నుంచి సైటుకు వెళ్ళే బస్సులో ఫోన్లో చదివేవాడు. ఖాలాకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు అక్షరాలు రావు. అందుకని అన్న ఆ కథలన్నీ వాయిస్ మెసేజుల్లో ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. వెనక బస్సు హారన్లు, ఎవరో బంగ్లాదేశీ నవ్వులు, మధ్యలో ఫోర్‌మన్ "యల్లా యల్లా" అని తొందరపెట్టే కేక, ఆ తర్వాత అంతరిక్షం. ఒకసారి వేరే గ్రహం మీద ఇళ్ళు కట్టడానికి మనుషుల్ని తీసుకుపోయిన కథ చెప్పాడు. ఖాలా అంతా విని ఒక్కటే ప్రశ్న వేసింది. "ఆడ కఫీల్ ఎవరు?" వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమానిని ఇక్కడ అలా అంటారు. ఆ సంగతి పుస్తకంలో రాయలేదని అన్న ఒప్పుకున్నాడు. "గట్లైతె కథ రాసినాయన ఎన్నడు ఊరిడిచి పోలే," అని ఖాలా తీర్పు చెప్పింది. మర్నాడే తర్వాతి ముక్క కోసం పొద్దున్నే మెసేజ్ పెట్టింది.

నా సంగీతం కూడా చివరికి ఆమెకు పట్టింది. పిల్లలందరూ దిగిపోయాక ఖాళీ బస్సు తిరిగి వచ్చేటప్పుడు వినేదట. గాయకులు ఉన్నవి పంపితే ఒప్పుకునేది కాదు. "మాటలుంటే దుఃఖం ఎవరిదో తెలుస్తది. లేకుంటే నాదే అనిపిస్తది," అంది ఒకసారి. ఆమెకు పిల్లల్లేరు. ఆ మాట ఆమె ఎప్పుడూ ఎత్తలేదు, మేమూ అడగలేదు. అలాంటి సంగీతం ఎక్కడ దొరికినా నేను వెతికి పంపుతుండేదాన్ని. ఇప్పటికీ ఏదైనా కొత్తది వింటే వేలు ఆమె పేరు మీదికే పోతోంది.

పెళ్ళికి బయల్దేరే ముందు వారం పల్లీలు వేయిస్తూ చెప్పింది. "నేనొచ్చినంక ఒకటి చూపిస్త. ఇన్నొద్దులు చూసినయన్ని దాని ముందల చాయ్ బిస్కెట్లే. పెన్‌డ్రైవ్ టీవీకే పెట్టి పోతున్న. నేను లేనప్పుడు చూసిండ్రనుకో, ఇద్దరి కాళ్ళు ఇరగ్గొడ్త."

చూడలేదు. ఆమె మాట కాదనే ధైర్యం మాకెక్కడిది?

చాచా తిరిగొచ్చి డ్యూటీలో చేరాడు. ఒక్కడికి ఆ గది ఎందుకని, నెలాఖరుకు ఖాళీ చేసి కంపెనీ క్యాంపుకు మారిపోతానన్నాడు. ఇంక మిగిలింది ఒక్క శుక్రవారం. ఆ వారమంతా అన్నా నేనూ ఫోన్లో కొట్టుకున్నాం. చూస్తే ఆమె మాకివ్వాల్సిన ఆఖరిది అయిపోతుంది. చూడకపోతే ఆమె అంత ఇష్టంగా దాచిపెట్టింది చూడకుండానే ఆ గదికి తాళం పడుతుంది. "చెప్పిన మనిషి పక్కన లేంది ఎట్ల చూస్తం చెల్లె, అది ఆమె పెట్టిన కాయిదా గద," అన్నాడు అన్న. ఈ గది దాటితే ఇంకెక్కడ చూస్తాం అన్నాను నేను. ఇద్దరి మాటా నిజమే. చాచానే అడుగుదామని ఆ శుక్రవారం వెళ్ళాం.

గదిలో సామాను అట్టపెట్టెల్లోకి ఎక్కేసింది. టీవీ మాత్రం కదపలేదు. ఆమె కుర్చీ కూడా దాని పక్కనే ఉంది. మేము నసుగుతూ సంగతి చెప్పాం. చాచా పెట్టెలోంచి దుప్పటి తీసి అన్న చేతికిచ్చాడు. అన్న కిటికీకి కట్టాడు. మేమిద్దరం తెచ్చుకున్న పల్లీల పళ్ళెం మధ్యలో పెట్టుకుని చాప మీద కూర్చున్నాం. ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని బయటికి పోతాడనుకున్నాం. పోలేదు. తలుపు దగ్గరికి వేసి, కుర్చీని ఒకసారి చేత్తో తుడిచి, తెరకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"మీరు సినిమా చూడుండ్రి. నేను మిమ్ముల చూస్త," అన్నాడు. "అన్ని జుమ్మాలు గీడ కూసొని అంత మంచిగ నవ్వేది. ఏం చూసి నవ్వేదో, నేను ఒక్క దినమన్న లోపల్కి రాలే. నాకు గూడ జర చూపియ్యిండ్రి."

నేను సినిమా పెట్టాను. పాత ఇల్లు, అందులో ఒంటరిగా ఒక ఆడమనిషి, మూసిన ఒక అల్మారా. చాలాసేపు ఏమీ జరగదు. వెనక చప్పుడైనప్పుడల్లా చాచా భుజాలు బిగుసుకునేవి. చేతులు కుర్చీని గట్టిగా పట్టుకునేవి. కానీ తిరిగి చూడలేదు. కళ్ళు మా మీదే ఉన్నాయి. ఆ తర్వాత అల్మారా తలుపు తెరుచుకుంది. ఖాలా అబద్ధం చెప్పలేదు. నేను కెవ్వుమన్నాను, అన్న పల్లీల పళ్ళెం తన్నేశాడు.

చాచా నవ్వాడు. ఒక్కసారిగా, తనకు తెలియకుండానే, చిన్న పిల్లవాడిలా నవ్వాడు. మేము ఊపిరి తీసుకునేలోపే ముందుకు వంగి, "మల్ల పెట్టు బేటా, గా జాగనే," అన్నాడు.

వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను. ఏమొస్తుందో తెలుసు కాబట్టి భయమెయ్యలేదు. అయినా అన్న ఆయన కోసం ఉలిక్కిపడ్డట్టు చేశాడు. సరిగ్గా చెయ్యలేకపోయాడు, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంకొక్కసారి," అన్నాడు చాచా.

నేను మళ్ళీ నొక్కాను. ఇప్పుడు అన్న ఏడుస్తున్నాడు, నేనూ ఏడుస్తున్నాను. తెర వెలుతురంతా మా మీదే పడుతోంది. చాచా కుర్చీని ఇంకాస్త మా దగ్గరికి జరుపుకుని, రెప్ప వెయ్యకుండా మా మొహాల్లో ఆమె కోసం వెతుక్కుంటున్నాడు.