జాతరలో దొరికిన పాప

మా మేనకోడలు జాతరలో మూగదానిలా నటించిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అది నటన కాదు.

అప్పుడు దానికి ఆరేళ్లు. గౌడవెల్లిలో మా ఇంటికి ఎవరొచ్చి పేరడిగినా గోడకు ఆనుకుని, గౌను అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడేది. జవాబు కూడదీసుకోవడానికి దానికి కాస్త సమయం కావాలి. ఆ సమయం నేనెప్పుడూ ఇవ్వలేదు. "దీనికి మాటలు రావు" అంటూ నోటి మీద వేలు పెట్టి, చెయ్యి అడ్డంగా ఊపి చూపించేవాణ్ణి. "గింత పిల్లకు గంత సిగ్గేందే!" అని వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. మా అక్క కూడా నవ్వేది.

శామీర్‌పేటలో బోనాల జాతర నాడు, ఆ రద్దీలో అది నా చేతిలోంచి తప్పిపోయింది. చెరువుకట్ట పొడుగునా వెతికాం. కట్ట కింద నీళ్లు చూసి అక్క ఏడుపందుకుంది. మైకులో మాత్రం ఒకటే మాట: "మూగపాప దొరికింది, ఆమె తాలూకు వాళ్లు జల్దీ రావాలె." మా పిల్ల మూగది కాదు కదా అని మేం అటు పోనేలేదు. చివరికి పాప పసుపు గౌను వేసుకుందని కూడా చెప్పేసరికి పరుగెత్తాను.

మైకు దగ్గరున్నతను నన్ను చూసి విసుక్కున్నాడు. "పేరేందంటే గిట్లంటది, ఊరేందంటే గిట్లంటది. మేమేం జేయాలె అన్నా?" అంటూ నోటి మీద వేలు పెట్టి చెయ్యి ఊపాడు.

పిల్లను ఎత్తుకున్నాను. "పేరు చెప్పొచ్చు గదా బిడ్డా!"

అది నా మొహంలోకి చూసి, ఎక్కడా తడబడకుండా అడిగింది.

"నాకు మాటలెప్పుడొస్తయి మామా?"