గోడలో తెగిన కేబుల్

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇవాళ మీతో చెప్పేస్తాను. నన్ను ఓదార్చకండి.

నోయిడాలో మాది అద్దె ఫ్లాట్. ఒక ఆదివారం టీవీ తగిలించడానికి హాలు గోడకు డ్రిల్లు పెట్టాను. ఇంటర్నెట్ కేబుల్ ఆ గోడలోంచే వెళ్తుందని తెలుసు. కాస్త పక్కగా ఉంటుందిలే అనుకున్నాను. మర్నాడు ఇంటి నుంచి ఆఫీసు వీడియో కాల్‌లో క్లయింటుతో మాట్లాడుతుంటే నెట్ మూడుసార్లు పోయింది. మేనేజరు అందరి ముందూ కడిగేశాడు. తప్పు నీది కాదని నెట్ కంపెనీతో రాయించుకు రమ్మన్నాడు.

బాగుచేయడానికి సూర్యం గారు వచ్చారు. శ్రీకాకుళం మనిషి, ఢిల్లీలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నారు. వారం ముందు మా కనెక్షన్ పెట్టిందీ ఆయనే. కేబుల్ బయటికి లాగి, చీలిన చోటు చూపించారు.

"ఇది డ్రిల్లు దెబ్బ బాబూ. గోడకేటైనా కొట్టినారేటి?"

"లేదండీ."

ఆయన టీవీ వైపు చూశారు. "అచ్ఛా, ఠీక్ హై. కొత్తది లాగేత్తాను. ఈసారి గోడలో వొద్దు, నేల అంచెమ్మట పైపులో ఏత్తాను."

ఒక్క మాట ఎత్తిపొడవలేదు. మోకాళ్ల మీద కూర్చుని రెండు గంటలు పనిచేశారు. ఆ తర్వాత మా ఇంట్లో నెట్ ఇంతవరకూ ఆగలేదు.

ఆయన వెళ్లగానే నేనేం చేశానో తెలుసా? కనెక్షన్ పెట్టేటప్పుడు ఆయనే కేబుల్ పాడుచేశారని నెట్ కంపెనీకి ఫిర్యాదు రాశాను. సాయంత్రానికల్లా క్షమాపణ లేఖ వచ్చింది. మేనేజరుకు పంపాను. ఆ వారమే సూర్యం గారి ఉద్యోగం తీసేశారని పక్క ఫ్లాటుకు వచ్చిన టెక్నీషియన్ చెప్పాడు. ఆయన నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు.

ఆయన్ని తీసేసేముందు కంపెనీ నుంచి ఒక్కడైనా వచ్చి ఆ కేబుల్ చూశాడా? ఫ్లాట్లో ఉండేవాడు ఇంగ్లీషులో రాస్తే నిజం, పనిచేసినవాడు చెబితే సాకు! వాళ్ల మీద మండిపడుతున్నాను గాని, ఆయన్ని వాళ్లకు పట్టిచ్చింది నేను కాదా? భయపడి చేశానని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఛీ! భయం కాదు. ఆయన ఎదురు తిరగలేరన్న ధీమా.

పోయిన నెల ఆయన నంబరుకు చేస్తే ఎవరో రాంగ్ నంబర్ అన్నారు. కంపెనీకి నిజం రాశాను. మీ ఫిర్యాదు ఎప్పుడో పరిష్కారమైంది, ధన్యవాదాలు అని జవాబిచ్చారు. పరిష్కారమట!

అందుకే మీకు చెబుతున్నాను. సూర్యం గారు ఏ తప్పూ చేయలేదు. అబద్ధమాడింది నేను. ఆయన క్షమిస్తారో లేదో నాకు తెలియదు, అడిగే ముఖమూ లేదు. ఇవాళ మాట బయటపడింది. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.