కొట్టినవారి పేరు

దెయ్యాల కథ చెప్పబోయినవాళ్ళని మొహం మీదే వెక్కిరించే మనిషిని నేను. కడుపులు కోసి కుట్టే సర్జన్ని. పోయినవాళ్ళు తిరిగి రారని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఒక మంగళవారం పొద్దున నాకు జరిగినదాన్ని మాత్రం వెక్కిరించలేకపోతున్నాను.

అంతకు ఆరేళ్ళ ముందు ఆఫ్రికాలోని మలావీలో ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేశాను. ఒక తల్లి ఎనిమిదేళ్ళ కూతుర్ని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తెచ్చింది. మూడు వారాల టైఫాయిడ్ జ్వరం, పైన కడుపునొప్పి. ఆ జ్వరం ముదిరితే పేగుకు చిల్లు పడి లోపలి మురికంతా కడుపులోకి కారుతుంది. పొద్దున నొక్కి చూశాను, మెత్తగానే ఉంది. మధ్యాహ్నానికి పిల్ల నొప్పి తగ్గిందంది. ఉన్నది ఒకటే ఆపరేషన్ థియేటర్. హమ్మయ్య అనుకుని వేరే ఇద్దర్ని ముందుకు జరిపాను. తల్లి నా చెయ్యి పట్టుకుని పిల్ల కడుపు మీదికి లాగింది. విసుగ్గా విదిలించేశాను.

పేగు పగిలాక నొప్పి కాసేపు తగ్గినట్టు అనిపించవచ్చని నేను చదువుకున్నదే. సాయంత్రం కోస్తే చీము నా మెడదాకా చిమ్మింది. పిల్ల టేబుల్ మీదే పోయింది. బయటికొచ్చి చెప్పగానే తల్లి నా ఎడమ చెంప పగలగొట్టింది. ఆమె కుడిచేతికి చిటికెన వేలు లేదు. మూడు వేళ్ళు అచ్చుపడ్డాయి. ఆరోజు నాకు కోపమే వచ్చింది. సిగ్గు చాలా తర్వాత వచ్చింది.

ఇక కోవెంట్రీ. శ్రావణిది తెనాలి, ఇక్కడ మాస్టర్స్ చేస్తోంది. కడుపునొప్పిని గ్యాస్ అనుకుని, జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, దగ్గరికి వెళ్ళకుండా, ఇంటినుంచి తెచ్చుకున్న మాత్రలు మింగుతూ నాలుగు రోజులు ఒక టేక్‌అవే హోటల్లో నిలబడి పనిచేసింది. ఆ మంగళవారం పొద్దున్నే మా ఆసుపత్రిలో చేరింది. నొక్కి చూశాను, మెత్తగానే ఉంది. స్కాన్ రాశాను.

పదకొండింటికి వెళ్తే లేచి కూర్చుని నవ్వుతోంది.

"నొప్పి మొత్తం పోయిందండి మేడమ్. మధ్యాహ్నం డ్యూటీ రోటాలో నా పేరుంది, పంపించెయ్యండి."

మన పిల్ల కదా, అడిగిన తీరుకి ముద్దొచ్చింది. స్కాన్ వద్దని చెప్పి డిశ్చార్జి కాగితం మీద పెన్ను పెట్టాను.

ఎడమ చెంప పేలిపోయింది. తల గోడకు కొట్టుకుంది. పెదవి చిట్లి రక్తం కాగితం మీద పడింది. నా పక్కన ఎవరూ లేరు. నర్సు తలుపు దగ్గర అటు తిరిగి ఉంది, శ్రావణేమో మంచానికి అటు చివర నోరు తెరిచి చూస్తోంది. చెవి హోరెత్తుతుంటే, ఎందుకో తెలియకుండానే వెళ్ళి ఆ పిల్ల కడుపు మీద చెయ్యి వేశాను. చెక్కలా బిగుసుకుపోయి ఉంది.

గంటలోపు కోశాం. అపెండిక్స్ పగిలి కడుపంతా చీము. కడిగి కడిగి నా చేతులు పడిపోయాయి. శ్రావణి బతికింది. పదో రోజున నడిచి ఇంటికి వెళ్ళింది.

పేషెంటే నన్ను కొట్టిందనుకుని నర్సు నా చెంప ఫోటో తీసి, సిబ్బందిపై దాడి అని ఫారం నింపింది. ఫోటోలో మూడు వేళ్ళ గుర్తులున్నాయి. నాలుగోది ఉండాల్సిన చోట చర్మం మామూలుగా ఉంది. శ్రావణి చేతులకు అన్ని వేళ్ళూ ఉన్నాయి, నేను లెక్కపెట్టాను.

అలసట వల్ల కళ్ళు తిరిగి పడి ఉంటావని తోటి డాక్టర్లు అన్నారు. అయ్యుండొచ్చు. ఆ తల్లి ఇప్పుడు బతికి ఉందో లేదో కూడా నాకు తెలియదు.

ఆ ఫారం నా దగ్గరికి తిరిగొచ్చింది. కొట్టినవారి పేరు రాయలేదట. శ్రావణి కాదని రాసిచ్చాను. తర్వాత ఆ గడి నింపుదామనే పెన్ను తీశాను. ఆ తల్లి పేరు నేనెప్పుడూ అడగలేదు.