పొంగని సుద్దముక్క

మార్చి నెల, రెండో శనివారం, బడికి సెలవు. ఉదయం ఆరున్నరకు దర్శిలో ఒంగోలు ఎర్రబస్సెక్కాను. చేతిసంచిలో ఆరు నిమ్మకాయలున్నాయి. వెళ్లేది సుద్దముక్కలు కొనడానికి.

కారణం చెప్పాలంటే కాస్త సిగ్గే. నేను హైస్కూల్లో సైన్సు మాస్టారిని. సముద్రం అడుగున చిట్టి ప్రాణుల గుల్లలు లక్షల ఏళ్లు పేరుకుంటే సుద్ద అవుతుందనీ, దానిమీద పులుపు పడితే బుసబుసా పొంగుతుందనీ పన్నెండేళ్లుగా చెబుతున్నాను. ఒక్కసారీ చేసి చూడలేదు. నిన్న ఎనిమిదో తరగతి మార్తమ్మ బోర్డు దగ్గరి ముక్కమీద నిమ్మకాయ పిండి, పొంగలేదండి అంది. ఆ పిల్లను బెంచీ ఎక్కించాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఇది కల్తీ సుద్ద, సోమవారం అసలుది తెచ్చి పొంగిస్తాను, పొంగకపోతే నేనే బెంచీ ఎక్కుతానని క్లాసంతటి ముందూ కోతలు కోశాను.

బస్సు నిండా మిరపకాయల బస్తాలు. ఈ కాలంలో ఈ దారిన వచ్చేవారు ముక్కుకు రుమాలు కట్టుకోవడం మంచిది. పక్కసీటు రైతు తుమ్ముతూనే నా సంచిలోకి తొంగిచూశాడు.

"బస్సు పడదా మాస్టారూ? ఒకటి కొరుక్కోండి, సిగ్గెందుకు."

అసలు సంగతి చెప్పడంకన్నా అవుననడమే తేలిక. ఒంగోలు దాకా నిమ్మకాయ చీకుతూ కూర్చున్నాను.

ఎనిమిదిన్నరకు దిగి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, పుస్తకాల కొట్లమీద పడ్డాను. మూడు కొట్లు, మూడు రకాల ముక్కలు, మూడు నిమ్మకాయలు. ఒక్కటీ పొంగలేదు. మూడో కొట్టాయన నన్ను అదోలా చూసి, ముక్కలు తయారుచేసే చోటు చెప్పి త్వరగా పంపేశాడు.

పదకొండింటికి ఊరిచివర రేకుల షెడ్డు చేరాను. మస్తాన్‌బీ అనే నడివయసు ఆవిడ అచ్చులకు నూనె రాసి, చిక్కటి తెల్లటి ముద్ద పోస్తోంది. కల్తీ ఎందుకు చేస్తున్నారని నిలదీశాను. ఆమె నవ్వింది. ఇది సముద్రపు సుద్ద కానే కాదట. జిప్సం అనే రాయిని కాల్చి, పొడిచేసి, నీళ్లు కలిపి పోస్తే పావుగంటలో గట్టిపడుతుందట. తర్వాత ఎండబెట్టడమే. పొంగేదే కావాలంటే చూడమని, వాకిట్లో ముగ్గు వేసే రాయిపొడి చారెడు తెచ్చింది. నిమ్మరసం పడగానే బుసబుసలాడింది. నా ప్రాణం లేచొచ్చింది.

ఆ పొడి కలిపి నాలుగు ముక్కలు పోసిపెట్టమని మెల్లగా అడిగాను. ఎందుకో కూడా చెప్పాల్సొచ్చింది. మస్తాన్‌బీ చెయ్యి ఆపింది.

"పోస్తానయ్యా, నాదేం పోయింది. పొంగలేదని ఆ పిల్ల ఉన్నమాటేగా చెప్పింది? మళ్లీ దాన్నే అబద్ధాలకోరు చేస్తారా?"

నాకు నిజంగా సిగ్గేసింది. మామూలు ముక్కల పెట్టె ఒకటి, ముగ్గురాయి పొడి పొట్లం ఒకటి విడివిడిగా కట్టించుకున్నాను.

రెండున్నర బస్సులో చోటు లేక రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. చీమకుర్తిలో ఒకాయన దిగుతూ తన సీటు చూపించాడు. వద్దన్నాను. సోమవారం పీరియడంతా బెంచీమీద నిలబడాలి, కాళ్లకు కాస్త అలవాటు కావాలిగా. పాఠం కూడా అక్కడినుంచే చెబుతాను. సంచిలో ఒక్క నిమ్మకాయ మిగిలింది. దాన్ని పిండేది మార్తమ్మే.