చైనా గురువు శవయాత్ర

చైనా కొట్లాట సినిమాకు సుల్తానాబాద్‌ల రెండో భాగం తీస్తున్నరని వినంగనే నాకు ఒళ్లు మండింది. మొదటి భాగం నేను వయసుల ఉన్నప్పుడు కరీంనగర్ టాకీసుల మల్లమల్ల చూసిన. ఏ సీను ఎన్క ఏ సీనో ఇప్పటికీ చెప్త. రెండో భాగం తీస్తనంటున్న మా బామ్మర్ది కొడుకేమో పెండ్లిళ్లకు వీడియోలు తీసుకుంట బతికేటోడు. మొదటి భాగం చూడనే లేదు.

"చూడకపోతేంది మామా? ఫోన్ల చూసేటోళ్లకు గంత అక్కర్లే. గురువు వేషానికి నీ గడ్డం మస్తుంటది," అన్నడు.

నా కోపం సగం దిగింది. గా గురువు లెక్క నడవాలని, బొగ్గుబాయి డ్యూటీకి పోయేటప్పుడు గూడ చేతులు ఎన్కకు కట్టుకొని పోయేటోణ్ణి. కాని అబద్ధం ఆడలేను గద! మొదటి భాగంల గురువు విషం తాగి శిష్యుని ఒళ్లె చచ్చిపోతడు.

"చచ్చినోడు రెండో భాగంల ఎట్ల వస్తడురా?"

"సినిమాల్ల వస్తరు మామా."

"చైనోళ్ల సినిమాల్ల రారు. వాళ్లకు చావంటే మర్యాద."

"అయితే వేషం ఇంకోలకు ఇస్త. గడ్డాలకేం కరువా?"

నాకు అన్నం సయించలే. ఆఖరికి నేనే రాజీకి పోయిన. సినిమాను గురువు శవయాత్రతోని మొదలుపెట్టుమన్న. శవంగనన్న నేనుంట. వాడు ఒప్పుకున్నడు గాని షరతు పెట్టిండు: "నోరు తెరిచినవంటే నిన్ను దించి ఖాళీ పాడె తీస్త."

నాట్ల కాలం. రైసుమిల్లు పక్క బాట మీద పాడె లేపిండ్రు. గురువు అంగరఖా అని నాకు తొడిగింది ఆడోళ్ల సిల్కు నైటీ. చైనోళ్లు చావుకు తెల్లబట్టలు కడ్తరని నేను లైబ్రరీల చదివి ముందే చెప్పిన. "అందరికీ తెల్లబట్టలేస్తె లీడర్ల ఊరేగింపు లెక్క కొడ్తది మామా," అన్నడు. డప్పులు మోగినయ్. మొఖం మీద గులాల్ పడ్డది. చైనా చావుకు గులాలా! పండ్లు కొరుక్కొని పండుకున్న.

కెమెరా పైన డ్రోన్‌ల ఉండె. నాట్లేసే ఆడోళ్లకు పాడె ఒక్కటే కనబడ్డది. బురద కాళ్లతోనే ఉరికొచ్చిండ్రు.

"అయ్యో, నిన్ననే గదనే, బస్సుల కండక్టర్‌తోని లొల్లి పెట్టుకున్నడు!"

"గీ నైటీ ఏందే అక్కా?"

"దవఖాన్ల తొడిగి పంపిండ్రేమొ."

"ఇంతసేపు ఎదురు మాట్లాడకుంట ఉండుడు ఎన్నడు సూడలే."

అది గూడ ఓర్చుకున్న. ఇంతల నా ఈడుదే ఒకామె నా కాళ్లు పట్టుకొని రాగం తీసింది: "సదువు రాకున్నా సక్కగ బతికితివే అన్నా..."

లేచి కూసున్న.

"చదువు రాదని నీకెవలు చెప్పిండ్రు? బడికి పోలే గాని, లైబ్రరీల నేను చదవని పుస్తకం ఉన్నదా?"

ఆడోళ్ల కేకలకు మోసేటోళ్లు గూడ జడిసి పాడె ఇడిచిపెట్టి ఉరికిండ్రు. ఆడోళ్లు పొలంల పడ్డరు. నేను నైటీ ఎత్తిపట్టుకొని, గామె ఎన్క ఉరుక్కుంట, చదివిన పుస్తకాలన్ని చెప్తనే ఉన్న. మా బామ్మర్ది కొడుకు డ్రోన్‌ను నా నెత్తి మీదికి తెచ్చిండు. "ఆగకు మామా! గదే కావాలె!"

ఇప్పుడు గా సినిమా ఊళ్లె అందరి ఫోన్లల్ల తిరుగుతుంది. గురువు లేచి ఉరికే సీను మస్తున్నదంటున్నరు. గది తప్పని, చైనాల గట్ల జరగదని నేనొక్కణ్ణే ఊరంత తిరిగి చెప్తున్న.