గార్లదిన్నె దగ్గర ఉగ్గాని ఉంది, బజ్జీ లేదు

నాది తిండి కోసం ఊళ్లు తిరిగే జన్మ. నిరుడు గార్లదిన్నె దగ్గర ఒక పల్లెలో, లక్ష్మక్క హోటల్లో తిన్న బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మీద బెంగ పెట్టుకుని మొన్న ఆదివారం పొద్దున ఏడింటికి అనంతపురంలో బస్సెక్కాను. గార్లదిన్నెలో దిగితే పల్లెకు షేర్ ఆటో. నిరుడు ఇరవై, ఇప్పుడు ముప్పై. డ్రైవర్ ఓబులేసు ముప్పావుగంట కదల్లేదు. "ఇంతకుముందు ఐదుగురొస్తే పోతాంటి అన్నా. ఈ డీజిల్ రేటుకు బండి నిండకుండా పోతే నాకేం మిగలదు" అన్నాడు. చివరికి ఒకావిడ మేకపిల్లతో వచ్చి, దాన్ని నా ఒళ్లో పెట్టి ఎక్కింది. దానికి టికెట్ లేదు, నాకు ఉంది.

లక్ష్మక్క వేడివేడి ఉగ్గాని పెట్టింది. బజ్జీ ఏదని అడిగాను.

"నూనె కొనలేకుండా ఉండానన్నా. బజ్జీ ఏసి చానా దినాలాయ."

బజ్జీ లేని ఉగ్గానికి కూలీలు రావడం తగ్గించారట. ఇలాగే ఉంటే హోటల్ మూసేసి, రాయదుర్గంలో జీన్స్ కుట్టే చెల్లెలి దగ్గరికి పోవాలని చెప్పింది. ఆ రోజు ఆ ఊరి రైతు నాగప్ప చేను దున్నుతున్నారు. వేరుశనగ పీకాక మట్టిలో మిగిలిన కాయలను చేనువాళ్లు ఏరుకున్న తర్వాత, ఎవరైనా పరిగె ఏరుకోవచ్చు. వాటిని గానుగకు వేస్తే నూనె. లక్ష్మక్క అందుకే బయల్దేరితే నేనూ వెంట వెళ్లాను.

నాగలి వెనక కాయలు కనబడగానే వంగబోయాను. లక్ష్మక్క చొక్కా పట్టి లాగింది. చేనావిడ గట్టెక్కేదాకా బయటివాళ్లు వంగకూడదట. అంతకుముందు నాగప్ప భార్య సుంకమ్మ ఏరడానికి వచ్చేదే కాదు. ఈసారి ట్రాక్టర్ బాడుగ కట్టలేక ఎద్దులను అడిగి తెచ్చుకున్నారు, ఆమె కూడా గంప పట్టుకుని దిగింది. నూనె ధర ఆమెకూ అదే కదా. గట్టు మీద కూర్చుని, సాలు వెంట సాలు ఖాళీ అవుతుంటే చూస్తున్నాం.

ఇంకా కొంత చేను మిగిలి ఉండగా సుంకమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "నడుము పట్టుకునింది మే. ఇంగ నా చేత కాదు. మిగిలింది మీరు ఏరుకోండి" అంది. ఆ తర్వాత వంగి, నిండు గంపను ఎవరి సాయమూ లేకుండా నెత్తికెత్తుకుని చకచకా ఇంటిదారి పట్టింది.

ధరలు పెరిగాయని మనం పట్నంలో రోజూ గొణుక్కుంటాం. ఆవిడకు మాత్రం ఆ మాట ఎత్తకుండానే ఇవ్వడం తెలుసు. ఆ చేలో మధ్యాహ్నం దాకా ఏరాను, నా నడుము మాత్రం నిజంగానే పట్టుకుంది. వెళ్లాలనుకునేవాళ్లు ఆదివారమే వెళ్లండి, ఏరిన కాయల నూనె వారానికో రోజుకే సరిపోతుంది కాబట్టి ఇకపై బజ్జీ ఆ ఒక్క రోజే. నేను ఆటో ఎక్కుతుంటే లక్ష్మక్క అంది:

"వచ్చే ఆదివారం రా అన్నా. మొదటి వాయి సుంకమ్మత్తకు పంపిచ్చి, రెండోది నీకేస్తా."