తాండూరులో నీలమ్మ అడిగిన ప్రశ్న

పంతొమ్మిదివందల అరవైలు అప్పుడే మొదలయ్యాయి. నేను వికారాబాదు హైస్కూల్లో నీతిపాఠాలు చెప్పేవాణ్ణి. తాండూరు నుంచి ఒక హెడ్మాస్టరుగారు ఉత్తరం రాశారు. అక్కడా ఆ క్లాసు పెట్టారట. బడిలో మతం మాటెత్తితే పిల్లల్ని మాన్పిస్తామని కొందరు తండ్రులు అంటున్నారట. ఒకసారి వచ్చి పాఠం చెప్పి చూపించమన్నారు.

ఉదయం ఎనిమిదిన్నర ప్యాసింజరుకు మూడో తరగతి టికెట్టు తీసుకున్నాను. పక్కన మర్పల్లి రైతు ఒకాయన కూర్చున్నాడు. నేను వెళ్తున్న పని విని నవ్వాడు.

"నీతి గూడ బడిలనే నేర్పుతరా సార్? మాకైతే మా అవ్వ కట్టె వట్టి నేర్పింది."

ధారూరు దాటేదాకా ఇద్దరం నవ్వుకున్నాం.

పదింటికి తాండూరులో దిగాను. స్టేషను బయట ఎడ్లబండ్ల నిండా నాపరాళ్లు. చాయ్ తాగి బడికి నడిచాను.

పదకొండింటికి తొమ్మిదో తరగతి. వెనక బెంచీ మీద ఆ తండ్రుల్లో ఒకరు, బండల వ్యాపారి శివప్పగారు కూర్చున్నారు. నాతో ముందే చెప్పేశారు: "మీరు ఏ దేవుణ్ణి పొగిడినా సరే, మా నీలమ్మను ఇయ్యాల్నే ఇంటికి తోల్కపోత." ఆయన కూతురు నీలమ్మ ముందు వరుసలో తల వంచుకుని ఉంది. క్లాసులో ఆడపిల్లలు నలుగురే.

రాసుకొచ్చిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. "మీ ఇళ్లలో తినేముందు ఏం చేస్తారు?" అని అడిగాను.

"బిస్మిల్లా అంటం సార్."

"కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తం."

"మెడల ఉన్న లింగానికి చూపిస్తం."

గనిలో బండలు కొట్టేవాళ్ల అమ్మాయి బాలమణి మెల్లగా లేచింది. "మేమేం అనం సార్. అమ్మ అందరికి పెట్టి ఆఖరుకు తింటది. ఒక్కోపారి ఏం మిగలది."

అప్పుడు నీలమ్మ తలెత్తింది.

"సార్, అది అమ్మ ధర్మమా, మన తప్పా?"

ప్రశ్నను నల్లబల్ల మీద రాసి పక్కకు జరిగాను. పిల్లలే వాదించుకున్నారు. అది ప్రేమ అన్నాడొకడు. ప్రేమైతే నాన్న ఎందుకు ఆఖరుకు తినడని బాలమణి అడిగింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

శివప్పగారు వరండాలో చాలాసేపు చెప్పులు తొడుక్కుంటూనే ఉన్నారు. "మా ఇంట్ల గూడ గట్లనే సార్. నేనెన్నడు సోంచాయించలె, ఆ ఆలోచనే రాలె" అన్నారు. వెనకే వచ్చిన కూతురితో, "నువ్వు కూసో బిడ్డా. ఇంక క్లాసులున్నయి గద" అని వెళ్లిపోయారు.

హెడ్మాస్టరుగారింట్లో జొన్నరొట్టె, కందిపప్పు తిని నాలుగింటి బండెక్కాను. ఈ పాఠం చెప్పడానికి ఎవరైనా అటు వెళ్తే జవాబులు మోసుకెళ్లనక్కర్లేదు. అక్కడి పిల్లలు మంచి ప్రశ్నలు అడుగుతారు.

కిటికీ బయట కందిచేలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. ఆరేళ్లుగా నీతి చెబుతున్నాను. మా ఆవిడ ఏ వేళకు తింటుందో నాకు తెలియదు. సిగ్గేసింది గానీ మనసు తేలిగ్గానే ఉంది. పొద్దుండగానే ఇల్లు చేరతాను. అప్పటికి ఆవిడ పొయ్యి వెలిగించి ఉండదు. ఈ పూట ముందు ఆవిడకే వడ్డిస్తాను.